ఒకే మంచం మీద ముగ్గురు కాపలావాళ్ళు

“ఎవరూ దొంగిలించలేని వస్తువు కోసం జెనీవాకి దొంగలొచ్చారు. వెళ్ళి పట్టుకో” అన్నాడు చీఫ్ జోలిదొం, కాఫీలో రెండో పంచదార బిళ్ళ వేసుకుంటూ.

స్విస్ నిఘా విభాగంలో రేటో కాఫ్లిష్‌ది పదిహేడేళ్ళ సర్వీసు. చీఫ్ పొడుపుకథలు వేస్తున్నాడంటే పని చెడ్డదని అతనికి తెలుసు. ఫైలు తెరిచాడు.

సంగతి ఇది. సరిహద్దు దగ్గర నేలకు బాగా లోతున ఉన్న ప్రయోగశాలలో, నవంబరు వచ్చిందంటే సీసం కేంద్రకాలను ఎదురెదురుగా పరిగెత్తించి గుద్దిస్తారు. గుద్దుకున్న చోట ప్రోటాన్లూ న్యూట్రాన్లూ కరిగిపోయి, లోపల బందీలుగా ఉండే క్వార్కులూ గ్లూవాన్లూ అనే ఇంకా చిన్న కణాలు విడిపడి ప్లాస్మా అనే ద్రవంలా మారతాయి. సూర్యుడి నడిగర్భం కంటే లక్ష రెట్లకు పైగా వేడి. సృష్టి మొదలైన తొలి క్షణంలో లోకమంతా ఆ ప్లాస్మాయేనట. ఇప్పుడు మాత్రం రెప్పపాటులో కోటో వంతు కూడా నిలవదు. దాన్ని సీసాలో పట్టుకుపోయే మొనగాడు ఇంకా పుట్టలేదు.

దొంగలకు కావలసింది దాని పక్కనే కూర్చుని గమనించే చిప్. అంత రేడియేషన్ వర్షంలోనూ మతి పోగొట్టుకోని చిప్. దాన్ని క్షిపణి తలలో పెడితే దగ్గర్లో అణుబాంబు పేలినా గురి తప్పదు. కొనబోయే దేశం పేరును ఫైల్లో నల్ల సిరాతో కొట్టేశారు.

“లోపల మన మనిషెవరు?”

“దారినా వెల్చెవా. బల్గేరియా ఆవిడ.”

“మరి వాళ్ళ మనిషి?”

“ఆవిడే” అన్నాడు జోలిదొం.

కాఫ్లిష్ గ్యాస్ పైపుల టెక్నీషియన్ వేషంలో ప్రయోగశాలలో చేరాడు. మొదటి రోజే దారినాను చూశాడు. ఆకుపచ్చ ఓవర్‌కోటు, చెంపకు చిన్న మచ్చ. ఆమె కాంటీన్‌లోకి వస్తే, క్వార్కుల గురించి కొట్టుకు చచ్చేవాళ్ళు కూడా వాక్యం మధ్యలో ఆగిపోయేవారు. ప్లాస్మా లెక్కలు కట్టేది, చిప్‌లను పరీక్షించేది కూడా ఆమే. ఆమె తమ్ముడు కిరిల్ ఓడలో ఇంజనీరు. నల్ల సిరా కింద దాక్కున్న ఆ దేశపు రేవులో అతని మీద తప్పుడు కేసు పెట్టి జైల్లో వేశారు. చిప్ డిజైన్ ఇస్తే తమ్ముణ్ణి వదులుతామన్నారు. ఆమె నేరుగా పోలీసుల దగ్గరికే వచ్చింది.

లోపం దాచిన దొంగ డిజైన్ ఇచ్చి పంపుదామన్న ఆలోచన కాఫ్లిష్‌ది. అది ఎలా ఉండాలో చెప్పింది ఆమె.

“ఈ చిప్ ఏ అంకెనైనా మూడు చోట్ల రాసుకుంటుంది. ఒకటి దెబ్బతింటే మిగతా రెండూ సాక్ష్యం చెప్తాయి. ముగ్గురు కాపలావాళ్ళన్నమాట. దూరదూరంగా నిలబడితేనే వాళ్ళవల్ల ఉపయోగం. నేను ముగ్గుర్నీ ఒకే మంచం మీద పడుకోబెడతా. మామూలు పరీక్షల్లో తెలీదు. రేడియేషన్‌లో పెట్టిన రోజున గానీ బయటపడదు.”

“అంటే?”

“వాళ్ళు కనిపెట్టడానికి రెండేళ్ళు పడుతుంది. ఈలోగా కిరిల్ వచ్చేస్తాడు. వస్తాడు కదండీ?”

“వస్తాడు. నాది పూచీ” అన్నాడు కాఫ్లిష్. ఏజెంటు అనేవాడు ఎవరికీ పూచీ ఉండకూడదని శిక్షణలో మొదటి రోజే నేర్పుతారు. అయినా అనేశాడు, ఆమె కళ్ళలోకి చూస్తూ అనకుండా ఉండలేకపోయాడు.

ఆ ప్రయోగశాల జనం తీరే వేరు. తాళం, రహస్యం అనే మాటలు వాళ్ళకు పట్టవు. ఎవరి పనైనా గ్రూపు ఫోల్డర్‌లో బార్లా తెరిచి ఉంటుంది. ఎవరు ఏ ఫైలు మార్చినా, పైపుల టెక్నీషియన్‌తో సహా అందరి ఫోన్లకూ నోటీసు పోతుంది. డిజైన్ సాఫ్ట్‌వేర్ అక్కడ తప్ప ఇంకెక్కడా తెరుచుకోదు కాబట్టి దారినా దొంగ డిజైన్‌ను కూడా తన పేరుతో అక్కడే పెట్టింది. వందల ఫైళ్ళలో ఒకటి, దాని జోలికి ఎవరు పోతారని కాఫ్లిష్ ధీమాగా ఉన్నాడు.

ఆదివారం. ప్లెన్‌పలే మైదానంలో పాత సామాన్ల సంత. సరస్సు మీదినుంచి వచ్చే చలిగాలి చెవులు కోస్తోంది. కాఫ్లిష్ పెట్టుడు మీసంతో, ఉన్ని టోపీలో దారినా మైకు వినిపించే ఇయర్‌ఫోన్ దాచుకుని, బొగ్గుల పొయ్యి మీద చెస్ట్‌నట్ గింజలు వేయిస్తున్నాడు. మూకుడు పిడిలో కెమెరా. ‘అయిపోయాయండీ’ అని అరిస్తే పని ఆపేయమని దారినాకు గుర్తు. సరుకు ముట్టినట్టు, దాన్ని తీసుకోవడానికి వచ్చినవాడు ఒంటిగంటకల్లా తన పైవాళ్ళకు ఫోన్ చెయ్యాలి. ఫోన్ రాకపోతే కిరిల్ ఉండడు.

పన్నెండుకు ఐదు నిమిషాలుండగా దారినా వచ్చి పాత గ్రామఫోన్ రికార్డులు తిరగేయసాగింది. చేతికి మసి తుడుచుకుని కాఫ్లిష్ ఫోన్ తీశాడు. ఉదయం తొమ్మిది నలభైకి వచ్చిన నోటీసు తెరవకుండా అలాగే ఉంది. దారినా పెట్టిన దొంగ డిజైన్ ఫైలును ఉగో పెద్రాత్సీని మార్చాడని అందులో ఉంది.

ఉగో చిప్ విభాగంలో అందరికన్నా పెద్దాయన. కాఫ్లిష్ వెంటనే ఆయనకు ఫోన్ చేశాడు.

“ఏం అబ్బాయ్, మళ్ళీ గ్యాస్ లీకా?”

“దారినా ఫైల్లో ఏదో మార్చారటగా?”

“ఆ. అంకెను రాసుకునే మూడు సెల్స్‌నీ ఒకేచోట కుక్కేసింది, పాపం. ఒక్క కణం తగిలితే మూడూ పోతాయి. నిన్నంతా కూర్చుని ఎడంగా జరిపా. పొద్దున ఎక్కించా. అంత తెలివైన పిల్ల, నిద్ర సరిగ్గా లేదేమో. ఆమె దగ్గర ఆ మాట ఎత్తకు, చిన్నబుచ్చుకుంటుంది.”

అరవై నాలుగేళ్ళ మంచి మనిషి. కళ్ళముందు తప్పు కనబడితే సరిచేయకుండా అన్నం సయించదు ఆయనకు. గూఢచారుల ముఠాను కనిపెట్టే పరికరాలన్నీ ఉన్న కాఫ్లిష్ ఒక నిజాయితీపరుణ్ణి మాత్రం లెక్కలోకి తీసుకోలేదు. దారినా పది గంటలకు మెమరీ కార్డులోకి ఎక్కించుకున్నది ఆయన సరిచేసిన అసలు డిజైన్.

గొడుగు పట్టుకున్న ఒక సన్నటి మనిషి ఆమె పక్కన ఆగాడు.

“ఇవాళ సాలెవ్ కొండ కనిపిస్తోందాండీ?”

“పొగమంచు దాటి పైకి ఎక్కినవాళ్ళకు కనిపిస్తుంది” అంది దారినా.

కోడ్ సరిపోయింది. కాఫ్లిష్ గొంతెత్తి, “అయిపోయాయండీ, చెస్ట్‌నట్లు అయిపోయాయి” అని అరిచాడు. మూకుడు నిండా గింజలున్నాయి. ముందు నిలబడ్డ ముసలావిడ అతన్ని ఎగాదిగా చూసింది. దారినా కూడా తలతిప్పి చూసింది. ఆ చూపు అతనికి బాగా గుర్తుండిపోయింది. తర్వాత ఆమె కార్డున్న రికార్డును సన్నటి మనిషి చేతిలో పెట్టేసింది.

వినబడలేదేమో అనుకోవడానికి వీల్లేదు. కాఫ్లిష్ పొయ్యిని వదిలి పరిగెత్తాడు. ట్రామ్ ఆగి ఉంది. సన్నటి మనిషి మెట్టు మీద కాలు వేశాడు. తలుపులు మూసుకుంటుండగా కాఫ్లిష్ చెయ్యి దూర్చి అతని కాలర్ పట్టి కిందికి లాగాడు. మఫ్టీ పోలీసులు ఇద్దరు మీద పడ్డారు. కార్డు కాఫ్లిష్ గుప్పిట్లోకి వచ్చింది.

సన్నటి మనిషిని వ్యాన్‌లో కూర్చోబెట్టి ఫోన్ చేతికిచ్చారు. సరుకు అందిందని ఒక్క ముక్క చెప్పమన్నాడు కాఫ్లిష్. శిక్ష తగ్గిస్తామన్నాడు, కొత్త పేరు, కొత్త ఊరు ఇస్తామన్నాడు. చివరికి చేతులు పట్టుకుని బతిమాలాడు.

“వాళ్ళకు అబద్ధం చెప్తే నా వాళ్ళని బతకనివ్వరు సార్. నాకూ ఇంట్లో మనుషులున్నారు” అన్నాడతను నెమ్మదిగా. ఫోన్‌ను ఒళ్ళో పెట్టుకుని, ఒంటిగంట దాటేదాకా నేలచూపులు చూస్తూ కూర్చున్నాడు.

దారినా రికార్డుల బల్ల దగ్గరే నిలబడి ఉంది. పారిపోవడానికి ప్రయత్నించలేదు. కాఫ్లిష్ ఆమె దగ్గరికి వెళ్ళాడు.

“ఉగో గారు ఫైలు సరిచేశారండీ. మీరు ఇచ్చేసింది అసలుది” అన్నాడు.

“తెలుసు. నోటీసు నాకూ వచ్చింది.”

కాఫ్లిష్ గుప్పిట విప్పి కార్డు వంక చూశాడు.

“మళ్ళీ చెడగొడదామని కూర్చున్నా” అంది ఆమె. “పది నిమిషాల పని. కానీ దొంగది ఇచ్చాక వాళ్ళు కనిపెట్టేస్తే? అసలుదైతే కిరిల్ తప్పకుండా వస్తాడు. మీ పూచీ కంటే అదే గట్టిదనిపించింది. ఉగో గారు బాగా చేశారు, నేను సరిచూశా. ఒక్క తప్పు లేదు.”

ఆమె రెండు చేతులూ ముందుకు చాచింది. కాఫ్లిష్ బేడీలు వేశాడు. ఏడుపొచ్చింది, మొహం తిప్పుకున్నాడు.

పదకొండో రోజున కబురు వచ్చింది. రేవు జైల్లో ఒక విదేశీ ఖైదీ గుండెపోటుతో పోయాడట. ముప్ఫై ఒక్కేళ్ళ ఓడ ఇంజనీరు. ఆ కబురు మహిళా జైలుకు మోసుకెళ్ళింది కాఫ్లిషే. దారినా విని తలూపింది. తను చేస్తున్న ప్లాస్మా లెక్క ఇంకా నాలుగు పేజీలుందనీ, కాగితాలు ఇప్పించగలరా అనీ అడిగింది. ఇప్పించాడు. మళ్ళీ వెళ్ళినప్పుడు కాగితాలు తెల్లగానే ఉన్నాయి.

డిసెంబరు మొదట్లో సీసం పరుగులు ఆగిపోయాయి. జోలిదొం రిపోర్టు టైపు చేయించి, మెచ్చుకోలుగా భుజం తట్టి, సంతకం కోసం ముందుకు తోశాడు. పథకం భగ్నం. ముఠా మనిషి అరెస్టు. డిజైన్ భద్రం. చివరి గడి పేరు ‘నష్టం’. అందులో ‘లేదు’ అని ఉంది.

కాఫ్లిష్ ఆ గడిని రెండుసార్లు చదివాడు. తప్పు కళ్ళముందే ఉంది. సరిచేసే అలవాటున్న మనిషి ఆ గదిలో ఎవరూ లేరు కాబట్టి, సంతకం పెట్టాడు.