తాళం వేయని క్రాపు

ఫ్రేముల మేస్త్రీ స్టూడియో గుమ్మంలో నిలబడి గొడుగు విదిలించాడు. ఆ నీళ్లన్నీ వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్న కుర్రవాడి మీదే పడ్డాయి.

"ఏమయ్యా కొలబద్దా! నీ కొలత తప్పడమేంటి?"

కొలబద్ద అన్నది మేస్త్రీ పెట్టిన పేరే. ఈ కుర్రవాడు కోసిన ఫోటో, పక్క కొట్టులో మేస్త్రీ చేసిన ఫ్రేములో వెంట్రుక దూరే సందు లేకుండా కూర్చుంటుంది. అలాంటివాడు పొద్దుటినుంచి ఒక్క ఫోటో సరిగ్గా క్రాపు చేయలేక, అంచులు కోయలేక తంటాలు పడుతున్నాడు.

ఆ ఫోటో మేస్త్రీ కూతురిది. పెళ్లిసంబంధాల సైటులో పెట్టాలి. వెడల్పు మూడు పాళ్లు, ఎత్తు నాలుగు పాళ్లు ఉంటేనే సైటు తీసుకుంటుంది. నువ్వుగింజంత తేడా ఉన్నా తిప్పికొడుతుంది. అవతల అబ్బాయివాళ్లు సాయంత్రం ఫోటో చూసి మాట చెబుతామన్నారు.

"మొదట కోసినదాంట్లో అమ్మాయి భుజం మీద నా చెవి ఉంది. ఇదెవరి చెవి అని వాళ్లడిగితే ఏం చెప్పను?"

"ఇంటిల్లిపాదీ ఉన్న ఫోటోలోంచి కోశాను కదండీ. మీరు మరీ దగ్గరగా నిలబడ్డారు."

"కూతురి పక్కన కాక వీధి చివర నిలబడమంటావా? సరే, చెవి తీసేశావు. మళ్లీ సైటెందుకు తిప్పికొట్టింది?"

కుర్రవాడు మొహం మీది నీళ్లు తుడుచుకున్నాడు. "దానికేదో తిక్క పట్టిందండీ."

"దానికో, నీకో! అమ్మాయిని పంపుతాను, దగ్గరుండి చూసుకుంటుంది. జిగురు ఆరగానే నేనొస్తా."

పని చూస్తే ఏమీ లేదు. నిష్పత్తి గళ్లలో మూడు, నాలుగు అని కొట్టి, పక్కనున్న తాళం గుర్తు నొక్కితే చాలు. ఆపైన గీతల్ని ఎటు లాగినా పొందిక చెడదు. అతనేమో తాళం తీసేసి ఉత్త చేత్తో లాగుతున్నాడు. సరిగ్గా కోస్తే ఆ పిల్ల ఈ వీధి దాటి వెళ్లిపోతుంది మరి!

ఆమె వేళ్లకంటిన జిగురు గిల్లుకుంటూ వచ్చి పక్క స్టూలు మీద కూర్చుంది.

"నా మొహం ఏ కొలతకీ రావడం లేదటగా?"

"మొహం బాగానే ఉంది. పాళ్లే కుదరడం లేదు."

"నీకా? చిటికెనవేలి గోరంత లాకెట్లోకి మా నానమ్మని బొట్టుతో సహా కూర్చోబెట్టినవాడివి!" ఆమె తెర మీదికి వంగింది. "ఈ తాళం తీసి ఉందేం?"

అతను మౌస్ తన వైపు జరుపుకున్నాడు. "అదే తెరుచుకుంది."

"దొంగలందరూ అదే అంటారు. కోసేసిన ముక్క ఇక పోయినట్టేనా?"

"పోదు. అంచు పట్టి లాగితే తిరిగొస్తుంది."

ఆమె మౌస్ లాక్కుని లాగింది. ముందు నాన్న చెవి వచ్చింది, తర్వాత నాన్న, అమ్మ, నానమ్మ. చిట్టచివర, వెలుగు కోసం తెల్లట్ట పట్టుకుని కొలబద్ద! ఆ రోజు కెమెరా పట్టింది స్టూడియో యజమాని. అందరూ కెమెరా వంక చూస్తుంటే, కొలబద్ద మెడ తిప్పి ఆమె వంక చూస్తున్నాడు. అట్ట వంకర పోయి వెలుగంతా మేస్త్రీ బట్టతల మీద పడింది.

బయట వాన చూరు మీద చిటపటలాడుతోంది.

"ఫోటో దిగేటప్పుడే చూశాను," అంది ఆమె మెల్లగా. "నోరు తెరుస్తావేమోనని అప్పటినుంచీ చూస్తున్నా. తాళం తీయడం వచ్చుగానీ మాట రాదా?"

"నువ్వంటే ఇష్టం. అది చెప్పడానికి భయం," అన్నాడు.

"ఎవరంటే?"

"నేనంటే," అన్నాడు గుమ్మంలోంచి మేస్త్రీ. వచ్చి తెర వంక చాలాసేపు చూశాడు. మొదట తన బట్టతల, తర్వాత ఆ తిరిగిన మెడ, చివరికి తలొంచుకున్న కూతురు.

"అవతలివాళ్లకేం చెప్పమంటావే?"

"పాళ్లు కుదరలేదని చెప్పు నాన్నా."

మేస్త్రీ జేబులోంచి టేపు తీశాడు. "అయితే ఈ ఫోటో ఉన్నదున్నట్టు కావాలి, అట్టతో సహా. దీనికి ఫ్రేము నేనే కడతా. ఈసారి వెంట్రుకవాసి తేడా వచ్చిందో, పెళ్లి లేదు. తాళం వేశావా?"

"వేస్తున్నానండీ."

"నేను వేస్తాలే నాన్నా," అంది ఆమె మౌస్ వదలకుండా. "ఆయన చేతులు వణుకుతున్నాయి."