జేబులో ప్లగ్

పగను మనిషి మోస్తాడా, పగే మనిషిని మోస్తుందా?

పెద్దాయన గది బయట బెంచీ మీద కూర్చుని సన్యాసి తనను తాను వేసుకున్న ప్రశ్న ఇది. జవాబు దొరికేలోగా లోపలి నుంచి పిలుపు వచ్చింది. సీక్రెట్ సర్వీసులో ప్రశ్నలకు దొరికే తీరిక జవాబులకు దొరకదు.

సన్యాసి అన్నది తోటి ఏజెంట్లు పెట్టిన పేరు. తుపాకీ పక్కన పుస్తకం పెట్టుకుని నిద్రపోతాడనీ, పెళ్ళిమాట ఎత్తితే నవ్వి ఊరుకుంటాడనీ ఆ పేరు పెట్టారు. అతను కాదనలేదు. పేరు కూడా ఒక మారువేషమే కదా అనుకున్నాడు.

"కూర్చో," అన్నాడు పెద్దాయన. డిపార్ట్‌మెంట్ చీఫ్ ఆయనే. "డాక్టరమ్మ తెలుసుగా? మిసైల్ గైడెన్స్ సైంటిస్ట్. ఆవిడ కారులో మాట్లాడే ప్రతి మాటా సరిహద్దు అవతల వినిపిస్తోంది."

"మైక్ వెతికారా?"

"మామూలు మైక్ అయితే బ్యాటరీ అయిపోయి నోరు మూసుకునేది. ఇది మూసుకోవట్లేదు. ఆవిడది హైబ్రిడ్ కారు. కరెంటు పోయినప్పుడు కారు నుంచే ఇంటికి సప్లై తీసుకోవచ్చని డిక్కీలో ఇన్వర్టర్ కిట్ పెట్టించుకుంది. కంపెనీ ఫిట్టింగ్ కాదు. బయటి గరాజ్‌లో. మైక్ ఆ పెట్టెలోనే ఉందని నా అనుమానం. కారు నడిచినన్నాళ్ళూ దానికి తిండికి లోటు లేదు."

"ఏ గరాజ్?"

పెద్దాయన కిటికీ వైపు చూశాడు. ఆ చూపుతో సన్యాసికి అర్థమైంది. కిందటి నెల తన అన్న ప్రాణం పోయిన గరాజ్.

"ఈ కేసు నీకివ్వకూడదు," అన్నాడు పెద్దాయన. "కానీ హైబ్రిడ్ కారులో ఏ వైరు ముట్టుకుంటే మనిషి మిగలడో తెలిసిన ఏజెంట్ నువ్వొక్కడివే. ఇంకోటి. ఆ ఓనరు దగ్గర డిప్లొమాటిక్ పాస్‌పోర్ట్ ఉంది. పట్టుకున్నా అరెస్టు లేదు. విమానం ఎక్కించి పంపడమే."

"మా అన్నను చంపింది వాడేనని తేలితే?"

"అదే విమానం."

"కిటికీ పక్క సీటా?"

పెద్దాయన ఫైలు మూశాడు. బ్రీఫింగ్ ముగిసింది.

అన్న కారు ఎలక్ట్రీషియన్. హైబ్రిడ్ కార్లు ఆయన చేతిలో పెంపుడు జంతువుల్లా ఉండేవి. అలాంటివాడు షాక్ కొట్టి పోతే ఊరు జాలి పడలేదు, పెదవి విరిచింది. అజాగ్రత్త అంది. ఆ ఒక్క మాట వదిన గొంతులో ముల్లులా దిగి ఉండిపోయింది.

"మీ అన్నయ్యకి అజాగ్రత్తేంటి!" అంది వదిన, మరిది ఎదురుగా నిలబడి. "బండిలో కరెంటు తెగిపోయేలా బ్యాటరీ సర్వీస్ ప్లగ్ ఊడదీసి జేబులో వేసుకోకుండా బండి మీద చెయ్యి వేసేవారా? తను పని చేస్తుంటే ఇంకొకడు తెలియక ప్లగ్ పెట్టేస్తాడేమోనని ఆ భయం. ఓసారి జేబులోదాన్ని ప్యాంటుతో సహా ఉతికేశాను. ఆ కారాయన ఫోన్ చేసి ఎంత మొత్తుకున్నాడో!" నవ్వబోయి ఆగిపోయింది. "ఆ రోజు మాత్రం ప్లగ్ బండిలోనే ఉందంట. కోటు జేబులో ఇదిగో, ఇది ఉంది."

అరచేతిలో ఇనుప ముక్క. ప్లగ్ అంత బరువు. సన్యాసి దాన్ని తీసుకుని చేతిలో తూచి చూశాడు.

"ఎవడో తెలిస్తే ఏం చేస్తావయ్యా?"

"తెలియనీ వదినా."

"తప్పించుకోకు. ఏం చేస్తావు?"

అతను చదివిన పుస్తకాల్లో క్షమ గురించి చాలా ఉంది. అవి రాసినవాళ్ళలో ఎవరికీ ఇనుప ముక్క చేతిలో పెట్టే వదిన ఉన్నట్టు లేదు.

మర్నాడు పొద్దున గరాజ్‌లోకి పాత హైబ్రిడ్ కారు ఒకటి వచ్చి ఆగింది. అందులోంచి నెరిసిన గడ్డం, చెవి మిషన్, వదులు కోటుతో రిటైర్డ్ ఫిలాసఫీ లెక్చరర్ దిగాడు. చెవి మిషన్‌లో వినిపించేది పెద్దాయన గొంతు.

రిసెప్షన్‌లో ఉన్న యువతి తల ఎత్తింది. నల్లటి సూటు, ఎర్రటి పెదాలు, ఎవరినీ నమ్మని కళ్ళు. రెండు దేశాల జీతం తీసుకునే డబుల్ ఏజెంట్. అటూ ఇటూ మెరిసి మాయమవుతుందని డిపార్ట్‌మెంట్ ఆమెకు పెట్టిన కోడ్ నేమ్ మిణుగురు.

"మీ కారుకి నిద్ర పడుతోందా?" అంది కోడ్ మాట.

"పడుతోంది. కలలే ఎక్కువ."

ఆమె కనురెప్ప ఒకసారి వాలి లేచింది. "ఏం కావాలి మాస్టారూ?" అంది పైకి.

"మీ ఇన్వర్టర్ కిట్ ఆన్‌లైన్‌లో కొన్నానమ్మా. నేనే బిగిద్దామనుకున్నా. మాన్యువల్ చదివాక ఫిలాసఫీయే తేలికనిపించింది. కాస్త సాయం కావాలి."

లోపలి నుంచి ఓనరు వచ్చాడు. పొడవాటి మనిషి, ఇస్త్రీ నలగని చొక్కా. "శుభోదయం. తమరు దయచేసి ఆసీనులు కండి. తమ వాహనమును మేము సత్వరమే పరిశీలింపగలము."

ఎర్ర టోయింగ్ తాడు భుజాన వేసుకుని వెళ్తున్న ముసలి మెకానిక్ సన్యాసి చెవిలో గొణిగాడు. అతన్ని అందరూ బాబాయ్ అంటారు. "మా పండితుడు ఇంతేనండి. ఆయన తెలుగు వింటుంటే మనం పుట్టినప్పట్నుంచీ తప్పు మాట్లాడుతున్నామేమో అనిపిస్తుంది. మొన్న స్పానర్ అందుకోమని అడగడానికి ఇంతసేపు పట్టింది. ఈలోగా నేనే లేచి తెచ్చుకున్నా."

తెలుగు నేర్చుకున్నవాడికీ తెలుగులో పెరిగినవాడికీ తేడా అదే అనుకున్నాడు సన్యాసి. మొదటివాడు ఎక్కడా తప్పు చేయడు.

పక్క రిపేర్ బేలో ఇంకో కారు ఉంది. డ్రైవింగ్ సీట్లో కూర్చుని ఫోన్‌లో మాట్లాడుతున్న మనిషిని సన్యాసి గుర్తుపట్టాడు.

"పెద్దాయనా," అన్నాడు గడ్డం సవరించుకుంటున్నట్టు. "డాక్టరమ్మ ఇక్కడే ఉంది."

"ఉచిత చెకప్ అని పిలిచారట. ఇప్పుడే తెలిసింది," అంది చెవి మిషన్. "మన అనుమానం వాళ్ళకి తెలిసిపోయింది. పెట్టెను మాయం చేస్తారు. జాగ్రత్త."

సన్యాసి తన కారు డిక్కీ తెరిచాడు. పండితుడు కిట్ పెట్టెను బ్యాటరీ పక్కన దించి, ఆరెంజ్ రంగు హైవోల్టేజ్ వైరు ఎక్కడ కలపాలో చూపించాడు. పెట్టె పక్కన రబ్బరు మూత కింద ఒక ఎర్ర స్విచ్ ఉంది.

"ఇదేంటండీ? మాన్యువల్‌లో లేదే?"

"అది తమకు అనావశ్యకము. సదా వెలుగుచునే ఉండవలెను."

వైరు అందుకోబోతూ సన్యాసి చేతులు తమంతట తామే ఒక పని చేశాయి. అన్న దగ్గర చిన్నప్పుడు నేర్చిన పని. సర్వీస్ ప్లగ్ ఊడదీశాడు. జేబులో వేసుకున్నాడు.

పండితుడు కదలడం మానేశాడు.

"లెక్చరరు గారూ," అన్నాడు నెమ్మదిగా. "ఆ ప్లగ్గును జేబున ధరించు వ్యక్తిని నేను పూర్వము ఒక్కనినే చూచితిని. భోజనానంతరము అతడు హస్తములు ప్రక్షాళనము చేసుకొనుచుండగా, కొక్కెమునకు తగిలించిన కోటు నుండి దానిని గ్రహించితిని. బదులుగా ఒక ఇనుప ఖండమును ఉంచితిని. అతడు పెట్టెను విప్పి చూచినాడు. చూడకుండవలసినది." అతని చేతిలోకి పిస్టల్ వచ్చింది. "తమరు అతనికి ఏమగుదురు?"

"తమ్ముణ్ణి."

"సంతాపము."

రెండో చేత్తో పండితుడు టేబుల్ మీది ల్యాప్‌టాప్ మీట నొక్కాడు. డాక్టరమ్మ కారు తలుపులు టకటకా లాక్ అయ్యాయి. తెరిచి ఉన్న డిక్కీలోంచి సన్నటి పొగ లేచింది. డాక్టరమ్మ అద్దం బాదుతోంది. పెట్టె బ్యాటరీని షార్ట్ చేయబోతోంది. సాక్ష్యమూ సాక్షీ ఒకే మంటలో పోతాయి.

డాక్టరమ్మ కారు డిక్కీ దగ్గరికి వచ్చి నిలబడి ఉంది మిణుగురు. ఈ మంట సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదని ఆమె ముఖమే చెబుతోంది. పెట్టె ఆమె చేతికి అందేంత దూరంలో ఉంది. కానీ పండితుడు అటే చూస్తున్నాడు. ఆమె వేలు కదిలితే పిస్టల్ కదులుతుంది.

"ఎర్రది కట్టేయ్!" అని అరిచాడు సన్యాసి.

తెలుగింట పుట్టిన ఎవరికైనా తెలుసు. లైటు కట్టేయమంటారు, ఫ్యాను కట్టేయమంటారు. కానీ పండితుడు తెలుగును నిఘంటువులో నేర్చుకున్నాడు. అందులో కట్టడమంటే బంధించడం. ఎర్రదంటే అతనికి ఒక్కటే కనిపించింది, బాబాయ్ భుజం మీది ఎర్ర తాడు. గిర్రున అటు తిరిగి పిస్టల్ గురి పెట్టాడు.

"అయ్యో, నేనేం చేశానండీ బాబూ!" అని బాబాయ్ నేల మీద పడిపోయాడు.

మిణుగురు వేలు రబ్బరు మూతను చీల్చుకుని దిగింది. స్విచ్ టక్కుమంది. పొగ ఆగింది. అదే క్షణంలో సన్యాసి భుజం పండితుడి పక్కటెముకల్లోకి దూసుకెళ్ళింది. పిస్టల్ ఆయిల్ మడుగులో జారి ఎక్కడో ఆగింది.

"ఆ మాట చెప్పడానికి ఇంతసేపా?" అంది మిణుగురు, మసి అంటిన వేలు చూసుకుంటూ.

"బాబాయ్," అన్నాడు సన్యాసి, "ఇప్పుడు నిజంగానే కట్టేయ్."

డాక్టరమ్మను బయటికి తీసి, నీళ్ళు తాగించి, డిపార్ట్‌మెంట్ కారులో పంపారు. పండితుడు తాళ్ళ మధ్య నుంచి నవ్వాడు.

"నా పాస్‌పోర్ట్ సంగతి తమరు ఎరుగుదురు. సాయంకాలమునకు నేను నా గృహమునందు ఉందును."

"నిజమే," అంది చెవి మిషన్ బరువుగా. "ప్రాణాలతో విమానం ఎక్కించు. ఆర్డర్."

మిణుగురు హ్యాండ్‌బ్యాగ్ భుజాన వేసుకుంది. "నేనూ బాబాయ్ కాఫీకి వెళ్తున్నాం. మేం వచ్చేలోగా ఇక్కడ ఏం జరిగినా మాకు తెలీదు."

షట్టర్ సగం వాలింది. సన్యాసి జేబులోంచి ప్లగ్ తీశాడు. తన కారు డిక్కీకి ఆనించి ఉన్న పండితుడి కట్టేసిన చేతుల పక్కనే ఆరెంజ్ వైరు కొస ఉంది. ఆ చేతులు అక్కడ పెట్టడం, ఈ ప్లగ్ ఇక్కడ పెట్టడం. అంతే. అన్నకు జరిగిందే, అన్న నేర్పిన చేతులతోనే.

అక్కడే ఆగిపోయాడు. జాలి వల్ల కాదు. తన లోపల వెతికితే జాలి చుక్క కూడా తగల్లేదు. ప్రాణం కాపాడుకోవడానికి అన్న అలవాటు చేసుకున్న పనిని హత్యకు వాడితే, పోయినవాడు మళ్ళీ పోతాడు. మరి వదిలేస్తే? వాడు కిటికీ పక్కన కూర్చుని మేఘాలు చూస్తాడు. వదిన గొంతులో ముల్లు అలాగే ఉంటుంది.

పగ చల్లారలేదు. ఆలోచించడం మాత్రం మొదలుపెట్టింది.

సన్యాసి ఎలక్ట్రికల్ టేపు తుంచి పండితుడి నోటికి అడ్డంగా అతికించాడు. మెత్తగా, జాగ్రత్తగా, దెబ్బకు కట్టు కట్టినట్టు. అతన్ని లేపి తన కారు వెనక సీట్లో కూర్చోబెట్టాడు. వైరు కొసను పెట్టెకు బిగించి, చేతులు పక్కకు తీసి, ప్లగ్‌ను దాని చోట పెట్టాడు. పెట్టె మీద పచ్చ లైటు వెలిగింది. డాక్టరమ్మ కారులో లాగే ఇందులోనూ దాగి ఉన్న మైక్ ప్రాణం పోసుకుంది. సరిహద్దు అవతల ఎక్కడో హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నవాడు ఒకడు నిటారుగా కూర్చుని ఉంటాడు.

పండితుడి కళ్ళు లైటు వైపు తిరిగాయి. తర్వాత సన్యాసి వైపు. ఏం జరగబోతోందో అతనికి ఏ నిఘంటువూ లేకుండానే అర్థమైంది. తల అడ్డంగా ఊపడం మొదలుపెట్టాడు. టేపు వెనక ఏదో గట్టిగా మూలిగాడు.

ఈ వాక్యం పలికితే ఒక మనిషి చస్తాడు, చంపేది అతని సొంతవాళ్ళు. చేతులకు మరక ఉండదు. మనసుకు ఉంటుంది. ఉండనీ, మోస్తాను అనుకున్నాడు సన్యాసి.

పక్కన కూర్చుని తలుపు వేసుకున్నాడు. అతిథిని సాగనంపేవాడి గొంతుతో, ప్రతి అక్షరం స్పష్టంగా వినిపించేలా అన్నాడు:

"మీవాళ్ళ పేర్లన్నీ మాకు అందాయి గరాజ్ ఓనరు గారూ. ఇంత సాయం చేసినవాణ్ణి మేం మర్చిపోం. టికెట్ కూడా మా ఖర్చే. క్షేమంగా వెళ్ళి లాభంగా రండి."