గోపమ్మ నేసిన గొంగడి

ఊఁ కొట్టేవారు ఊఁ కొట్టండి. భయమున్నవారు దీపం దగ్గరికి జరగండి. ఒక ఊళ్లో ఒక మగ్గం ఉండేది. దానిమీద కూర్చునే హక్కు ఆడవారికి లేదు.

ఆ ఊరు జడ్చర్లకు దగ్గరే. గొర్రెబొచ్చు కడగడం, ఏకడం, వడకడం ఆడవారి పని. గొంగడి నేయడం మగవారిది. ఆడమనిషి మగ్గమెక్కితే మందకు రోగం తగులుతుందని అక్కడి నమ్మకం. ఆ మగ్గమున్న ఇంటి పెద్దకోడలు గోపమ్మకు మాత్రం, నల్లని గొంగడిలో మేస్తున్న తెల్లగొర్రెలను నేయాలని కాపురానికి వచ్చిననాటి నుంచీ కోరిక. ఒకసారి ఎవరూ లేనప్పుడు పడుగు సిద్ధం చేసుకుంది. మరిది ఎల్లేశం చూశాడు. గొర్రెల కత్తెరతో పోగులన్నీ తెగ్గోశాడు. ఆమె మళ్లీ రాట్నం ముందు కూర్చుంది. జుట్టు నెరిసేదాకా ఆ కోరిక మాట ఎత్తలేదు.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు భర్త పోయాడు. గోపమ్మ మగ్గానికి పట్టిన బూజు దులిపింది.

"గీ వయసుల గొంగడెందుకు వదినా? కాటికి పోంగ కప్పుకుంటవా?" ఎల్లేశం నెరిసిన మీసం దువ్వుకుంటూ నవ్వాడు.

"నాకు గాదు మరిదీ. నీకే నేస్తున్న."

నేత సగమయింది. గోపమ్మ బొచ్చు కడగడానికి వాగుకు పోయిన సంగతి తన భార్య నర్సింగమ్మ చెప్పగా, ఎల్లేశం మళ్లీ కత్తెర పట్టాడు. తిరిగివచ్చిన గోపమ్మ తెగిన పోగులను ఒళ్లో వేసుకుని కూర్చుంది. అన్నం ముట్టలేదు. ఆ పోగుల మీదే ప్రాణం వదిలింది.

దినాలు ముగిసిన సాయంత్రం ముసురు పట్టింది. కరెంటు పోయింది. తడిసిన ఉన్ని వాసన మెల్లగా ఇంట్లోకి పాకింది. దాని వెంబడే, పడుగుకు పట్టించే చింతగింజల గంజి వాసన. ఆ ఇంట్లో ఎవరూ గంజి కాయలేదు.

మగ్గమున్న కొట్టంలో చప్పుడు. టక్... టక్...

"పోకయ్యా... అక్క చేతి చప్పుడది," నర్సింగమ్మ గుసగుసలాడింది.

"సచ్చినోళ్లు నేస్తరానే? పిల్లి గావచ్చు తియ్యి."

కత్తెర తీసుకుని ఎల్లేశం లోపలికి నడిచాడు. నర్సింగమ్మ సెల్లు లైటు పట్టుకుని గడపలోనే ఆగింది.

మగ్గం ముందు ఎవరూ లేరు. తెగిన ప్రతి పోగుకూ ముడి పడి ఉంది. నేత పెరుగుతోంది. అతడు కత్తెర ఆనించి నొక్కాడు. పోగు తెగలేదు. మళ్లీ నొక్కాడు... అది వేలికి చుట్టుకుంది. మణికట్టుకు... మెడకు...

లైటు ఆరిపోయింది.

చీకట్లో, ఊపిరంత మెల్లగా, "కప్పుకుంటవా, మరిదీ?"

తెల్లవారి చూస్తే ఎల్లేశం మగ్గం కింద చల్లబడి ఉన్నాడు. ఒంటిమీద ఒక్క గాయం లేదు. తల, మీసం, కనుబొమలు... బొచ్చు తీసిన గొర్రెలా నున్నగా ఉన్నాయి. గొంగడిలో తెల్లగొర్రెలు వరుసగా మేస్తున్నాయి. వాటిని తాకినవారు చప్పున చేయి వెనక్కి తీసుకున్నారు. అది గొర్రెబొచ్చు కాదు.

అంచున జానెడు నేత మిగిలింది. దానిని ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేకపోయింది. అయినా ఆ జానెడూ నిండింది. అక్కడ మరొక తెల్లగొర్రె, తలెత్తి, చూసేవారి వైపే చూస్తూ ఉంది.

ఎండాకాలపు ఉక్కలో, తలమీది కొంగును రెండు చేతులా గట్టిగా పట్టుకుని, ఈ కథను నాకు మొదట చెప్పింది మా అవ్వ, నర్సింగమ్మ.