అలమైన్ మైన్లలో నాలుగు సెల్స్

“ఒక రేడియో పెట్టె. అలమైన్ ఎడారిలో, పాత యుద్ధం నాటి మందుపాతరల మైన్‌ఫీల్డ్‌లో పాతారు. పాతినవాడు నిన్న చచ్చాడు. చోటు తెలిసింది మన మిర్వత్‌కే. తీసుకురా.”

కర్నల్ షవ్కత్ బ్రీఫింగ్ అంతే. ఏజెంట్ వగ్దీ లేచాడు. స్టోర్ చూసే మదామ్ ఇహ్సాన్ అతనికి ఒక మెటల్ డిటెక్టర్ ఇచ్చి సంతకం పెట్టించుకుంది. కొన్నప్పటినుంచీ, అంటే రెండేళ్లుగా, అది ప్లాస్టిక్ కవర్లోనే ఉంది, లోపల సెల్స్‌తో సహా.

“ప్లాస్టిక్ చింపకు నాయనా. కొత్తది.”

మర్నాడు పదకొండింటికి ముళ్ల తీగ దగ్గర మిర్వత్ కనిపించింది. నల్ల కళ్లద్దాలు, పట్టు స్కార్ఫు.

“సముద్రం తియ్యగా ఉందా?” అన్నాడు వగ్దీ.

“చెరుకు రసమంత,” అంది. కోడ్ సరిపోయింది.

డిటెక్టర్ కూసినచోట పక్కకు జరుగుతూ వగ్దీ ముందు నడిచాడు. భద్రమైన ప్రతి అడుగుకూ ఒక ఎర్ర జెండా నాటాడు. నలభై అడుగుల తర్వాత పెట్టె దొరికింది. లేచేసరికి తుపాకీ అతని ముక్కుకు ఎదురుగా ఉంది.

“ఒకటీ ఇరవైకి మత్రూహ్ రైలు అదిగో, అక్కడ కనిపించే వంతెన దాటుతుంది,” అంది మిర్వత్. పెట్టె తెరిచి చూసుకుంది. “వంతెన కింద బాంబు, ఇక్కడ మీట. ఒకటిన్నరకి నా పడవ. తీగ దాకా దారి చూపించు.”

రైల్లో ఆరొందల మంది ఉంటారు. వగ్దీ వెనక్కి తిరిగాడు. జెండాల్లేవు.

“ఎవరూ మన వెంట రాకూడదని పీకేశాను. యంత్రం ఉందిగా.”

గాలికి అడుగుజాడలు కూడా చెరిగిపోయాయి. వగ్దీ స్విచ్ నొక్కాడు. డిటెక్టర్ ఒకసారి కుయ్‌మని ఆగిపోయింది.

“నాటకాలాడకు!”

“కాల్చండి మేడమ్. ఆ తర్వాత ఇక్కడే కాపురం పెట్టండి.”

తుపాకీ దిగలేదు గానీ పేలనూ లేదు. ఇద్దరికీ మిగిలింది నాలుగు పాదాలంత నేల. వగ్దీకి నిజంగానే భయం వేసింది.

ప్లాస్టిక్ చింపి మూత విప్పాడు. సెల్స్ తలకిందులు కాలేదు. కానీ సముద్రపు తేమ ఆ కవర్లో రెండేళ్లు ఉడికింది. ఒక సెల్ కాస్త కారి, స్ప్రింగు మీద తెల్లటి పొడి పేరుకుంది.

“గోళ్ల ఆకురాయి ఉందా?”

“చచ్చేముందు అలంకారమా?” అంటూనే ఇచ్చింది.

పొడి గీకాడు. సంచిలోంచి టర్నిప్ ఊరగాయ సీసా తీశాడు. పుల్లటి నీళ్లు రుమాలుకు అద్ది తుడవగానే మిగిలిన పొడి బుసబుస పొంగింది. పొడిగుడ్డతో తుడిచి, ఎండలో ఆరనిచ్చి, స్ప్రింగును కాస్త పైకి లాగాడు. సెల్స్ పెట్టి, డిటెక్టర్ దీపం మీద బొటనవేలు, కూత వచ్చే రంధ్రం మీద అరచెయ్యి ఉంచి స్విచ్ నొక్కాడు. తల అడ్డంగా ఊపాడు.

“సెల్స్ చచ్చాయి. పెట్టెలోవి ఇవ్వండి. తీగ దాటాక మళ్లీ మీ పెట్టెలో వేసుకోవచ్చు.”

టైము పన్నెండూ యాభై. ఆమె పెట్టె వైపు, పడవ రావాల్సిన సముద్రం వైపు చూసింది. తిట్టుకుంటూ నాలుగు సెల్సూ ఇచ్చింది. అతను అటు తిరిగి మూత బిగించాడు. డిటెక్టర్ కూసింది.

నడక మొదలైంది. అడుగుకు నిమిషం.

“త్వరగా!”

“తొందరగా ఉంటే మీరే ముందు నడవండి.”

తీగ ఇంకా పదడుగులుంది. దూరంగా రైలు కూత వినిపించింది.

“సెల్స్!” తుపాకీ అతని మెడకు తగిలింది. “ఇప్పుడే ఇవ్వు!”

వగ్దీ చొక్కా జేబులోంచి నాలుగు సెల్స్ తీసి మైన్ల మధ్యకు బలంగా విసిరాడు. “అవిగో. వెళ్లి ఏరుకోండి.”

మిర్వత్ నోరు తెరిచింది. “మరి... అది దేనితో కూస్తోంది?”

“పాత వాటితోనే. రోగం సెల్స్‌ది కాదు మేడమ్, పొడిది. మా ఆవిడ ఊరగాయ వదలగొట్టింది.”

మిర్వత్ పిచ్చిగా మీట నొక్కింది. రైలు వంతెన దాటింది. కిటికీలోంచి ఎవరో చెయ్యి కూడా ఊపారు. వగ్దీకి కళ్లలో నీళ్లు తిరిగాయి.

“తుపాకీ అటు పారేయండి, లేకపోతే ఈ యంత్రమూ సెల్స్ వెంటే పోతుంది. మిగతా పదడుగులూ చూపిస్తాను.”

ఆమె పారేసింది.

సాయంత్రం కర్నల్ షవ్కత్ అతన్ని కౌగిలించుకున్నాడు. మదామ్ ఇహ్సాన్ మాత్రం డిటెక్టర్‌ను అటూ ఇటూ తిప్పి, కళ్లజోడు సవరించుకుంది.

“అంతా బాగానే ఉంది గానీ నాయనా, దీని ప్లాస్టిక్ ఏదీ?”