గొట్టంలోంచి జారిన గింజ

ఉదయం 6.10.

ఎర్రగుంటపల్లె పల్లి చేనులో రెండు చప్పుళ్లయ్యాయి. రెండో చప్పుడుకు నాగన్న వెల్లకిలా పడిపోయాడు.

జనం పరుగెత్తుకొచ్చేసరికి ప్రాణం లేదు. అతని సింగిల్ బ్యారెల్ తుపాకి నడిమిలో చీలిపోయి ఉంది. ఒక ఇనుప పెంకు మెడలో దిగింది. తమ్ముడు వెంకట్రాములు మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులతో ఆ మెడను అదిమి పట్టుకుని ఉన్నాడు.

ఆ అన్నదమ్ములు మాట్లాడుకోక పదకొండేళ్లు.

ఎస్సై ముబషిరా 7.25కి చేను చేరింది. ఫిబ్రవరి చలి ఇంకా విడవలేదు. అడవిపందులు తవ్విన గుంతల పక్కనే నెత్తురు గడ్డకట్టింది.

ముందుగా ఎదురొచ్చింది నాగన్న ఇల్లరికపు అల్లుడు శ్రవణ్ కుమార్. వెంకట్రాములును వేలితో చూపాడు.

"మేడం, మా మామను ఈయనే చంపిండు. కాల్వ దాటేటప్పుడు తుపాకి ఈయన చేతిలనే ఉండె. గొట్టం మూతిల మన్ను కూరిండు. ఊరంత చూసింది."

"తెల్లారకముందే ఊరంత చేన్ల ఉండెనా?"

"ఊరంటే... బాలనాగమ్మ చూసింది."

"మన్ను కూరుడు చూసిందా? తుపాకి పట్టుకునుడు చూసిందా?"

"పట్టుకునుడు."

ముబషిరా నోట్‌బుక్‌లో ఒక గీత గీసింది. వెంకట్రాములు వైపు తిరిగింది.

"ఏం పెద్దాయనా, తుపాకి పట్టుకున్నవా?"

"పట్టుకున్న."

"ఎందుకు?"

"అన్న కాల్వ దాటాలె. నా దిక్కు జాపిండు. అందుకున్న."

"మీకు మాటల్లేవు గదా?"

"తుపాకి జాపితే మాట్లాడినట్టా మేడం?"

"అసలు ఆయనతోటి నువ్వెందుకొచ్చినవ్?"

"పందులు రెండు చేన్లు తవ్వుతున్నయి. నేను డబ్బ కొట్టి లేపాలె. అన్న బెదిరించనీకి కాల్చాలె. సర్పంచ్ కూసోబెట్టి చెప్పిండు."

"మన్ను పెట్టినవా?"

"లే."

"కాల్వ దాటినంక ఏమైంది?"

వెంకట్రాములు నోరు తెరిచాడు. మళ్లీ మూశాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగినా అంతే.

కానిస్టేబుల్ అతని జేబులు తడిమాడు. తంబాకు డబ్బీ. బస్సు టికెట్టు. ఒక పల్లి గింజ. గింజ మీద నల్లటి నూనె మరక.

"ఇదేంది?"

"పల్లి గింజ."

"అది కనపడుతనే ఉంది. ఒక్కటే ఎందుకుంది?"

అతను గింజ కోసం చెయ్యి చాపాడు. ముబషిరా ఇవ్వలేదు. కాగితంలో మడిచి పెట్టుకుంది. దాచిపెట్టే మనిషిని ఆమె నమ్మదు.

8.40కి శవం పోస్టుమార్టం కోసం నాగర్‌కర్నూల్ వెళ్లింది. సాయంత్రం నాలుగింటికి తిరిగి వస్తుంది. రాగానే దహనం.

నాగన్న ఒక్కగానొక్క కూతురు యమున వాకిట్లో నిలబడి ఉంది. కళ్లలో తడి లేదు.

"మేడం, ఒక్క మాట. మా నాయన పాడెను చిన్నాయన ముట్టనీకి లేదు. ఆయన్ని సాయంత్రం నాలుగింటిలోపల ఊరు దాటించుండ్రి."

అరుగు కింద కూర్చున్న వెంకట్రాములు ఆ మాట విన్నాడు. తల ఎత్తలేదు. అల్లుడు 'ఈయనే చంపిండు' అన్నప్పుడు కూడా అతని ముఖం అంతలా వాడిపోలేదు. ముబషిరా అది గమనించింది.

11.15. పక్క చేను మంచె మీద బాలనాగమ్మ. డెబ్బై దాటిన మనిషి. చేతిలో పిట్టలను తరిమే వడిసెల.

"అవ్వా, ఎన్ని చప్పుళ్లు విన్నవ్?"

"రెండు. మొదటిది చప్పుడంటవా? పెనం మీద పల్లికాయ పగిలినట్టు టప్ మన్నది. రెండోదానికి నా మంచె ఊగింది."

"నడుమ ఎంతసేపు?"

"నేను 'హోయ్' అని రెండు మూడు కూతలు ఏసినంత."

"నాగన్న జాగ్రత్త మనిషేనా?"

"ఓ, వానంత పిరికోడు లేడు తియ్యి! కండ్లల్ల పొరలొచ్చినంక గొట్టంల చూస్తే ఏం కనపడుతలేదని కొత్త ఉపాయం చేసిండు. తూట పెట్టే కాడ తుపాకిని ఇరుస్తడు, మూతి మీదికి పెట్టి ఒక పల్లి గింజ ఏస్తడు. కింద అరచేతిల పడితే నోట్లె ఏసుకుంటడు. గింజ తిన్నంకనే తూట పెడతడు. మొన్న కండ్లు బాగు చేయించుకున్నడు, అయినా ఆ అలవాటు పోలె."

ముబషిరా చెయ్యి తెలియకుండానే జేబులోని కాగితం పొట్లం మీదికి పోయింది.

"ఇంగో అమ్మా," బాలనాగమ్మ గొంతు పెంచింది. "పోయిన వారం నా కుక్క పిండిముద్ద కొరికి మూతి పగిలి సచ్చింది. అప్పుడు ఒక్క పోలీసోడు రాలె. కుక్కకు పంచనామా చెయ్యరా?"

"పిండిముద్దల పేలుడు మందు పెట్టి పందులకు ఏసిండ్రా?"

"మరింకేంది! ఏసినోడు దొరకాలె, వాని మూతి నేను పగలగొడత."

1.40. జిల్లా కేంద్రం నుంచి ఆయుధాలు మరమ్మతు చేసే హెడ్ కానిస్టేబుల్ ఇస్రాయేలు వచ్చాడు. చీలిన బ్యారెల్‌ను గోనెసంచి మీద పరిచి, భూతద్దం పెట్టి చూశాడు.

"మేడం, మూతి గుండ్రంగనే ఉంది. మన్ను రవ్వ లేదు. నడుమ ఉంగరం లెక్క ఉబ్బి, ఆడికెల్లి చీలింది. మూతిల మన్నుంటే మూతి చీలాలె."

"అయితే అడ్డం నడుమ ఉండె. బయటికెల్లి కూరింది కాదు."

"కాదు. లోపలికెల్లి పోయి ఆగింది."

నాగన్న సంచిలో తూటాల డబ్బా ఉంది. పదింటిలో రెండు పేలాయి. ఎనిమిది మిగిలాయి. ముబషిరా వాటిని వేళ్ల మధ్య తిప్పింది. అన్నీ ఒకేలా ఉన్నాయి. అదే ఆమెకు నచ్చలేదు.

"పల్లి గింజల శాంపిల్ తూచే చిన్న కాంటా మండీల ఉంటది గదా, తెప్పించు. వీటిని తూచాలె."

3.30. నాగన్న వాకిలి. యమున, శ్రవణ్, వెంకట్రాములు, బాలనాగమ్మ. చుట్టూ ఊరు. మధ్యలో స్టూలు మీద కాంటా.

ఇస్రాయేలు ఒక్కో తూటా పెట్టాడు. ఆరు ఒకే బరువు తూగాయి. మిగతా రెండూ ఒక్కో గ్రాము తక్కువ తూగాయి.

"తక్కువ దాన్ని విప్పు."

ఇస్రాయేలు తూటా మూతి మడతను సన్నటి పట్టకారుతో తెరిచాడు. మడత మీద, విప్పి మళ్లీ అతికించినట్టు, కొవ్వొత్తి మైనం. సీసపు రవ్వలు తీశాడు. రవ్వలను, మందును వేరుచేసే బెండు తీశాడు. బోర్లించాడు.

కాగితం మీద పడింది తుపాకి మందు కాదు. చిటికెడు మందు, మిగతాదంతా పల్లి పొట్టు.

జనం గుసగుసలాడారు.

"మొదటి తూట గిసుంటిదే," అంది ముబషిరా. "చాలినంత మందు లేదు. టప్ మన్నది. బెండు బయటికి రాలే, గొట్టం నడుమ ఇరుక్కుంది. నాగన్న గురి తప్పిందనుకున్నడు. ఎదుట పందులు. గబగబ రెండో తూట పెట్టిండు. అది మంచి తూట. ఆయన గింజ ఏసి చూసేది మొదటిసారికే. రెండు తూటల నడుమ ఎవరు చూస్తరు?"

"మరి మన్ను?" అన్నాడు శ్రవణ్.

"మన్ను లేదు. నువ్వొక్కనివే మన్ను, మన్ను అన్నవ్." ఆమె జేబులోంచి పొట్లం తీసి విప్పింది. "పెద్దాయనా, ఇప్పుడన్న చెప్పు. ఈ గింజ ఎక్కడిది?"

వెంకట్రాములు గింజను చూస్తూ చెప్పాడు.

"కాల్వ దాటినంక అన్న తుపాకి తీసుకొని ఇరిచిండు. గింజ ఏసిండు. చేతిల పడ్డది. నోట్లె ఏసుకోలె. నా చేతిల పెట్టిండు. 'తిను తమ్మీ' అన్నడు."

"ఎందుకు చెప్పలె? గొట్టం సాఫ్ ఉందని అదే సాక్ష్యం గదా!"

"పదకొండేండ్లకు ఒక్క మాట మేడం. దాన్ని మీ కాగితంల ఎట్ల రాయించాలె? తినబుద్ధి గాలె. దాసుకున్న."



"తూటలు ఎక్కడుంటయి?" ముబషిరా అడిగింది.

"ఇనుప పెట్టెల," అంది యమున.

"తాళం?"

"నాయన మొలతాడుకు."

"ఎప్పుడన్న విప్పిండా?"

కంటి ఆపరేషన్‌కు నాగన్న నాగర్‌కర్నూల్‌లో మూడు రోజులున్నాడని ఊరందరికీ తెలుసు. యమున ఒకసారి భర్తను చూసింది. ఒకసారి కాగితం మీది పొట్టును చూసింది. ఇంట్లో ఒక మనిషి పోయాడు. ఈ మాట చెబితే ఇంకో మనిషి పోతాడు.

"యమునా," అన్నాడు శ్రవణ్ మెల్లగా.

"కంటి ఆపరేషన్‌కు పోయినప్పుడు తాళం ఈయనకిచ్చిండు మేడం," అంది యమున. "పెట్టె ముందల కూసోని పల్లికాయలు ఒలుస్తుండె. 'గీడెందుకు' అని అడిగిన. 'ఊకెనే' అన్నడు."

శ్రవణ్ ముబషిరా వైపు చేతులు జోడించాడు.

"నేను మామను చంపాలనుకోలె! పందులకు పిండిముద్దలు ఏస్తే అయిపాయె అనుకున్న. మూడు తూటల మందు తీసిన. మామ రోజు తూటలు ఎంచుతడు, తక్కువైతే తంతడు. అందుకే పొట్టు నింపి పెట్టిన."

"మరి చిన్నాయన మీద మన్నెందుకు పోసినవ్?" యమున అడిగింది.



"నా కుక్క!" బాలనాగమ్మ వడిసెల ఎత్తింది. ఇస్రాయేలు అడ్డం పడ్డాడు.

4.05. అంబులెన్స్ వచ్చింది. జీపులో శ్రవణ్ తల వంచుకుని కూర్చున్నాడు. పాడె లేపే ముందు యమున అరుగు దగ్గరికి నడిచింది.

"చిన్నాయనా, లెవ్వు. ముందు భుజం నీదే."

వెంకట్రాములు లేచాడు. ముబషిరా దగ్గర ఆగాడు.

"ఆ గింజ ఇస్తరా మేడం?"

"ఇయ్యలేను పెద్దాయనా. అది కోర్టుకు పోవాలె."

అతను తల ఊపాడు. దారిలో పాడెను చేను పక్కన దించినప్పుడు చేనులోకి దిగాడు. పందులు వదిలేసిన ఒక మొక్కను పీకాడు. ఎర్రమన్ను దులిపి ఒక కాయ పగలగొట్టాడు. రెండు గింజలు.

ఒకటి అన్న పెదవుల మధ్య పెట్టాడు. రెండోది తన నోట్లో వేసుకున్నాడు.

"తిను, అన్నా," అన్నాడు.