సమ్రీన్ పేరు మీద వచ్చిన ఉత్తరాలు

ఖతార్‌లో ఇంటికి పోస్టుమాన్ రాడు. ఏదొచ్చినా కంపెనీ పోస్టు బాక్సుకే వస్తుంది. అందుకే అల్ వుకైర్‌లో మా ఫ్లాట్ తలుపు కింద నుంచి మొదటి ఉత్తరం లోపలికి జారినప్పుడు, ఏ పిజ్జా కొట్టు కాగితమో అనుకుని చెత్తబుట్టలో వేయబోయాను.

కవరు లేదు. నాలుగు మడతలు, కాస్త తడి, డీజిలూ ఉప్పూ కలిసిన వాసన. పైన సమ్రీన్ అని పేరు. లోపల ఇంగ్లీషు అక్షరాల్లో ఉర్దూ. నేను పుట్టి పెరిగింది చాంద్రాయణగుట్టలో, ఆ ఉర్దూ నాకు సగం నిద్రలోనూ అర్థమవుతుంది. చదివేశాను. తప్పే. మీరైతే చదవకుండా ఉండేవారా?

కింద వాచ్‌మన్ మస్తాన్ భాయ్‌ని అడిగాను. మాకు ముందు ఆ ఫ్లాట్‌లో ఉన్నది సమ్రీన్ అట, హైదరాబాద్‌లో యెమెన్ అరబ్బుల పేట బార్కస్ పిల్ల. మొగుడు ఉమైర్ కూడా అక్కడే పెరిగి, యెమెన్ నేవీలో చేరిన ఆఫీసరు. అక్కడ వాళ్ళలో వాళ్ళకే యుద్ధం, పోస్టు లేదు, ఏ పడవవాడి చేతికో ఇచ్చి ఉత్తరాలు పంపేవాడట. ఆమె ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయింది, అడ్రస్ లేదు. ఇప్పుడు తెచ్చిందెవరంటే, మెట్లెక్కిన వాళ్ళనెవర్నీ చూళ్ళేదన్నాడు.

తర్వాత ప్రతి గురువారం ఒకటి వచ్చింది.

"రేవులో దీపాలన్నీ ఆర్పేశారు సమ్రీన్. నిన్నటిదాకా మా మెస్సులో మాతో తిన్నవాళ్ళ మీదికి ఈరోజు ఫిరంగులు తిప్పమన్నారు. నేను నీ చాయ్ తలుచుకుంటూ నిలబడ్డాను. మూడు చెంచాల చక్కెర వేసుకుంటానని నన్ను చీమా అని పిలిచేదానివి."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ సమ్రీన్ మీద. ఎవత్తో ముఖం కూడా తెలియదు, అయినా కుళ్ళుకుని చచ్చాను. ఎందుకంటే మా ఆయన అమర్ సముద్రం మధ్యలో గ్యాస్ ప్లాట్‌ఫాం మీద ఇంజనీరు. రెండు వారాలు అక్కడ, రెండు వారాలు ఇంట్లో. పెళ్ళయిన మూడేళ్ళలో అతను నాకు రాసిన అతి పెద్ద ప్రేమలేఖ, 'గీజర్ ఆపావా'.

ఊరుకుంటానా? నాకో నేవీ ఆఫీసరు ఉత్తరాలు రాస్తున్నాడని అమర్‌కి ఫోన్లో చెప్పాను. సమ్రీన్ పేరు మింగేసి, కాకినాడ మనిషికి ఉర్దూ రాదు కాబట్టి ముక్కముక్కా తెలుగులో చెప్పి వినిపించాను. మొదట నవ్వాడు. తర్వాత రోజుకు రెండుసార్లు, ఎవడే వాడు, అనడం మొదలుపెట్టాడు. నాకు పండగే.

"నువ్వూ ఒకటి రాయి, మానేస్తా," అన్నాను.

"ఇంటికొచ్చేవాడు ఉత్తరమెందుకు రాస్తాడే?" అన్నాడు.

దాంతో ఇంకాస్త ఉడికించాలనిపించింది. ఒక చీటీ మీద 'ఘర్ మే హీ హూఁ, ఆ జావో' అని రాశాను. ఇంట్లోనే ఉన్నాను, వచ్చేయ్ అని. ఫొటోలో తలుపు కూడా పడాలని చీటీని దాని కింద నుంచి సగం బయటికి తోసి, ఫొటో తీసి అమర్‌కి పంపాను. స్నానం చేసొచ్చి తీసేద్దామనుకున్నాను.

వచ్చేసరికి చీటీ లేదు.

రెండో రోజే జవాబొచ్చింది. గురువారం కాదు. కాగితం ఈసారి పూర్తిగా తడిసి ఉంది.

"వస్తున్నాను. కానీ మన దిండు కింద ఆ మగవాడి వాచీ ఏమిటి? కౌన్ హై వో?"

ఎవడు వాడు, అని. దిండు ఎత్తి చూశాను. అమర్ పాత వాచీ... అక్కడే ఉంది.

మస్తాన్ భాయ్ దగ్గరికి పరిగెత్తాను. ఆయన కాగితాన్ని ముట్టుకోలేదు. "పాత ఉత్తరాలు ఇప్పటికి చేరతన్నాయేమో అనుకున్నానమ్మా. ఆ అబ్బి ఓడ మునిగిపోయి రెండేళ్ళయింది. అది తెలిసినాకే సమ్రీనమ్మ ఇల్లు ఖాళీ చేసింది," అన్నాడు.

అమర్‌కి ఫోన్ చేశాను. ఆరోజే అతని డ్యూటీ అయిపోయింది. దుమ్ముగాలికి హెలికాప్టర్ ఆపేశారు, పడవలో వస్తున్నానన్నాడు. ఉత్తరం సంగతి చెప్పి, ఎక్కొద్దని బతిమాలాను. "ఇప్పుడు నీ నేవీవాడికి నా మీద కుళ్ళా?" అని నవ్వాడు. వెనకాల ఇంజిను చప్పుడు... తర్వాత ఫోన్ కలవలేదు.

పొద్దు గూకింది, మగ్రిబ్ అజాన్ వినిపిస్తోంది. కిటికీ బయట దుమ్ము, ఇటుక రంగులో. బెల్ మోగింది.

అమర్.

మెడ పట్టుకుని ఏడ్చేశాను. చొక్కా తడిగా ఉంది. డీజిలూ, ఉప్పూ... పడవలో వచ్చాడుగా మరి.

"చాయ్," అన్నాడు.

అమర్ ఎప్పుడూ టీ అనే మనిషి. పెట్టిచ్చాను. చక్కెర డబ్బా అందుకున్నాడు. ఒక చెంచా... రెండు... మూడు. అమర్ చక్కెర ముట్టుకోడు. అప్పుడర్థమైంది, నేను ఆడిన ఆటే నా మీద ఆడుతున్నాడు. వినిపించినవన్నీ గుర్తుపెట్టుకున్నాడన్నమాట. నవ్వొచ్చింది.

"చాల్లే, ఓడిపోయాను," అన్నాను.

అతను నవ్వలేదు. గోడల్ని ఒక్కొక్కటే చూస్తున్నాడు, చాలా ఏళ్ళ తర్వాత చూస్తున్నట్టు.

తలుపు దగ్గర చిన్న చప్పుడు. కాగితం నేలకు రాసుకుంటున్న చప్పుడు...

వెళ్ళి తీశాను. అమర్ వాళ్ళ ప్లాట్‌ఫాంలో వాడే ఫారం అది. వెనక తెలుగు. ఆ కొక్కిరిబిక్కిరి అక్షరాలు అమర్‌వే.

"చరితా, ఎన్నిసార్లడిగినా రాయలేదు కదా, ఇదిగో. ఇది నేనెక్కిన పడవ కాదు. అందరూ యూనిఫాంలో ఉన్నారు. అందరూ తడిసి ఉన్నారు. ఎవరూ మాట్లాడరు. గీజర్ ఆపావా? ఎవరొచ్చినా తలుపు తీయకు. నేనింకా రాలేదు."

వెనక కప్పు బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

భుజం మీదుగా తడి చెయ్యి వచ్చి కాగితం తీసుకుంది. మెల్లగా, ఎంతో మర్యాదగా.

"కౌన్ హై వో?" అని చెవిలో గుసగుస.

అతను సోఫాలో కూర్చుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చదవడం మొదలుపెట్టాడు. సమ్రీన్... అని. రేవు, దీపాలు, చాయ్... ఎక్కడా తడబడని ఉర్దూలో, నేను కుళ్ళుకున్నంత తియ్యగా.

ఆ తెలుగు కాగితాన్ని తలకిందులుగా పట్టుకున్నాడు.