మంట లేని రెక్క

బ్యాంకు మెట్ల మీద పట్టపగలే ఏజెంటును కాల్చేశారు. అతను కాపలా కాస్తున్న సైంటిస్టు మాత్రం వెంట్రుకవాసిలో ముఠా చేతికి చిక్కకుండా తప్పించుకున్నాడు. ఆ గంటలోనే చీఫ్ కందిరీగకు కబురు పెట్టాడు. డిపార్ట్‌మెంటులో అతన్ని పిలిచే పేరు అదే.

"విదేశీ ముఠాకి ఆ సైంటిస్టు ప్రాణాలతో కావాలి. మన రాడార్ కోడ్ మొత్తం ఆయన బుర్రలో ఉంది. మధ్యాహ్నం ఫ్లైట్లో రాజధానికి చేర్చు. సంగతి తెలిసింది ముగ్గురికే. నాకు, నీకు, మీ ఆవిడకి."

"మా ఆవిడ ఉంటే ఇంకేం భయం సార్!" అన్నాడు కందిరీగ. పాపం, మనస్ఫూర్తిగానే అన్నాడు.

విమానంలో అతను తెల్లవిగ్గు తాతగారు. చెవిలో ఉన్నది చెవిటి మిషన్ కాదు, కాక్‌పిట్ మాటలు పట్టే రిసీవర్. సీటు కుడి రెక్క పక్క కిటికీ దగ్గర, పక్కన సైంటిస్టు. అతని భార్య కూడా ఏజెంటే, ఇవాళ ఎయిర్‌హోస్టెస్ వేషం. దాహం లేని మగాళ్లు కూడా ఆమెను మంచినీళ్లు అడుగుతున్నారు. కందిరీగకి లోలోపల గర్వంగానే ఉంది.

"తాతగారూ, దిండు కావాలా?"

"రెండివ్వమ్మా, మెడ పట్టేసింది."

అంతా క్షేమం అని వాళ్లిద్దరి కోడ్.

కాసేపటికి రిసీవర్‌లో కెప్టెన్ గొంతు అదిరింది. "రైట్ ఇంజన్ ఫైర్ వార్నింగ్! క్యాబిన్, కిటికీలోంచి చూసి చెప్పండి!"

ఆమె వచ్చింది. భర్త మీదుగా వంగి రెక్క వైపు చూసింది. షట్టర్ కిందికి లాగేసి, వెనక్కి వెళ్లి ఫోనందుకుంది.

"మంటలు కెప్టెన్! నా కళ్లతో చూశాను."

కందిరీగ కూడా చూశాడు. అక్కడ మంట కాదు కదా, పొగ కూడా లేదు.

కెప్టెన్ కుడి ఇంజన్ ఆపేశాడు. విమానం ఓ పక్కకి ఒరిగింది. జనం కేకలు. దగ్గర్లో ఉన్న చిన్న ఎయిర్‌ఫీల్డ్‌లో దిగుతున్నామని అనౌన్స్‌మెంట్. కందిరీగ పరుగున వెళ్లి, తెర చాటున ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆ చేతిలో పౌడర్ డబ్బా. పౌడర్ కింద చిన్న ట్రాన్స్‌మిటర్.

"కాక్‌పిట్‌లో ఫైర్ వార్నింగ్ లైటు దీంతో వెలిగించింది నువ్వేనా?"

"మీ ఒంటి మీద చెయ్యి వెయ్యబోమని వాళ్లు మాటిచ్చారండీ. వాళ్లకి ఆయనొక్కడే కావాలి."

"మన పెళ్లి కూడా అసైన్‌మెంటేనా?"

ఆమె తల దించుకుంది. "మొదట్లో."

ఇన్నేళ్లు నమ్మినందుకు కందిరీగకి తన మీద తనకే అసహ్యం వేసింది. ఆమె చేతికి బేడీ వేసి కమ్మీకి తగిలించాడు. ఐడీ చూపించి కాక్‌పిట్‌లోకి దూసుకెళ్లాడు.

"దిగొద్దు! మంట లేదు. ఇదంతా ముఠా ప్లాన్!"

"చూసినావిడ చెప్పిందయ్యా!"

"ఆవిడ నా భార్య. అబద్ధం చెప్పింది."

కెప్టెన్ ఓసారి అతని మొహంలోకి చూశాడు. "నీ మాట తప్పయితే అందరం గాల్లోనే కాలిపోతాం. ఎలా నమ్మను?"

ఎదురుగా రన్‌వే దగ్గరపడుతోంది. దాని అంచున రెండు నల్ల వ్యాన్లు.

"ఇంజన్‌కి నిప్పంటుకుందని కింద చెప్పారుగా. మరి ఫైరింజన్ ఏది?"

ఒక్కటంటే ఒక్కటి లేదు. మంట లేదని ముందే తెలిసిన పెద్దమనుషులకి ఫైరింజన్ సంగతి తట్టనే లేదు! చక్రాలు నేలని తాకబోతున్నాయి.

"గో అరౌండ్!" అని అరిచాడు కెప్టెన్. మిగిలిన ఒక్క ఇంజన్ గర్జించింది, విమానం దిగకుండానే మళ్లీ పైకి లేచింది. వ్యాన్లు కింద ఉండిపోయాయి. ఆ ఒక్క ఇంజన్‌తోనే విమానం రాజధాని చేరింది.

పోలీసులు తీసుకెళ్తుంటే ఆమె ఒక్కసారి వెనక్కి తిరిగింది. "బీపీ మాత్ర వేసుకోవడం మర్చిపోకండి."

చీఫ్ వచ్చి కందిరీగ భుజం తట్టాడు. "శభాష్! సైంటిస్టుకి చీమైనా కుట్టలేదు. ఏం కావాలో అడుగు."

"ఒక్కరోజు లీవు సార్. ఇంటి తాళం మార్పించాలి." కాస్త ఆగి అన్నాడు, "బీపీ మాత్రలు కూడా."